రాగి తేలని నలుపు

ఫోటోను జనం నేరుగా చూస్తారనుకునేవాళ్ళు ప్రింటు పనిలోకి రావద్దు. నేరుగా చూసేది మనం ఒక్కరమే. టేబుల్ మీద పెట్టి, ట్యూబులైటు కింద ఒకసారి చూసి కవర్లో వేసేస్తాం. ఆ తర్వాత అది ఎవరింటికో పోతుంది. ఆ ఇంట్లో దాన్ని చెప్పులు విప్పుతూ చూస్తారు, వంటింట్లోంచి వస్తూ చూస్తారు, నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తి చూస్తారు. పక్కనుంచి, కిందనుంచి, సగం నిద్రలోంచి చూస్తారు. ఫోటో బతికేది ఆ చూపుల్లోనే.

ఇప్పుడు ఇంట్లోనే ప్రింటరు పెట్టుకుని, సీసాల్లో ఇంకు తెచ్చి నింపుకుని ఫోటోలు వేసే పిల్లలు చిత్తూరులో సందుకొకరు ఉన్నారు. మొన్న ఒకమ్మాయి వచ్చి, "అక్కా, నలుపు మీద రాగి మాదిరి ఏందో తేలతా ఉండాది, ఏం చేసేది?" అని అడిగింది. నోటితో చెప్పాను. మధ్యలో ఫోను మోగితే లేచి వెళ్ళిపోయింది. అందుకని రాస్తున్నాను. కాగితానికి ఫోను మోగదు.

నేను అక్షరాలు దిద్దింది నడివయసు దాటుతుండగా. వాక్యం ఎక్కడైనా కుంటితే సర్దుకోండి. ప్రింటు గురించి చెప్పింది మాత్రం సర్దుకోవద్దు, చెప్పినట్టే చెయ్యండి.

నీళ్ళలోంచి లేచే ముఖాలు

చిత్తూరు బజారు వీధిలో సుబ్రమణ్యం సారు స్టూడియోకి నేను వచ్చింది ఊడ్చి తుడవడానికి. డార్క్‌రూములో ట్రేలు కడగమన్నారు. అక్కడే ఉండిపోయాను.

ఆ గది మీరెవరూ చూసి ఉండరు. ఎర్ర బల్బు ఒకటి, నీళ్ళ చప్పుడు. తెల్ల కాగితాన్ని ట్రేలో వేసి ఊపుతుంటే ముందు జుట్టు వస్తుంది. తర్వాత కనుబొమలు, మీసం, కంటిపాపలు. బుగ్గలూ నుదురూ అన్నిటికంటే ఆఖరున, వద్దామా వద్దా అన్నట్టు వస్తాయి. మనిషిని ముందుగా పిలుచుకొచ్చేది నలుపే. నల్లటి చోట్లు సరిగ్గా వచ్చాయంటే మనిషి వచ్చినట్టే. యంత్రాలు మారాయి గానీ ఈ మాట మారలేదు.

మందు సీసాలను నేను వాసన చూసి గుర్తుపట్టేదాన్ని. పుల్లటిది ఒకటి, ముక్కు మండేది ఒకటి. కంప్యూటరు వచ్చాక వాసనలు పోయాయి. ఇంకు సీసాలన్నీ ఒకే తీరు, ఒక్కదానికీ వాసన లేదు. ఇంక చదువు నేర్చుకోక తప్పలేదు. సుబ్రమణ్యం సారే నేర్పించాడు, చెడిపోయిన ప్రింట్ల వెనక. నా అఆల అవతలి పక్క ఎవరిదో పెళ్ళి, నా గుణింతాల అవతల ఎవరో బిడ్డ బోర్లాపడింది. ఇప్పటికీ కొన్ని అక్షరాలు రాస్తుంటే వాటి వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపిస్తుంది.

ఆయన మంచివాడు. అమ్మడం తెలిసినవాడు. ఆ రెండూ ఒక మనిషిలో ఉంటే పనికి కొంత చేటు. "ప్రింటును గిరాకీ చేతికి ఇయ్యొద్దు మునెమ్మా. నువ్వే పట్టుకొని సూపించు, ముఖానికి ఎదురుగ్గా. వంచనియ్యొద్దు" అనేవాడు. ఎందుకని నేను అడగలేదు. వంచితే ఏమవుతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు.

పొడి రంగు

మొదట్లో మేము వాడింది డై ఇంకు. అది నీళ్ళ రంగు, కాగితం దాన్ని తాగేస్తుంది. చూడడానికి తడిసిన పట్టుచీరలా ఉంటుంది. కానీ ఆ రంగుకు మతిమరుపు. కిటికీ ఎదురుగా తగిలించిన పెళ్ళి ఫోటోలో ముందు చీర వెలిసిపోతుంది, తర్వాత బుగ్గలు పోతాయి, ఆఖరికి పెళ్ళికూతురు పెళ్ళికొడుకు పక్కన పొగలా మిగులుతుంది.

అందుకని పిగ్మెంట్ ఇంకుకు మారాం. ప్రింటరులో పెట్టే కంపెనీ ఇంకు డబ్బీలు మా దుకాణానికి గిట్టేవి కావు కాబట్టి ఖాళీ డబ్బీల్లో సీసా ఇంకు నింపుకున్నాం. రాగి అప్పుడు మొదలైంది.

ఎందుకొస్తుందో చెప్తాను. పిగ్మెంట్ అంటే పొడి. కంటికి ఆనని పొడి నీళ్ళలో తేలుతూ ఉంటుంది. నిగనిగలాడే కాగితం మీద అది లోపలికి దిగదు, పైనే పరుచుకుంటుంది. నలుపు ఎక్కువున్న చోట మందంగా కూర్చుంటుంది. ఎదురుగా చూస్తే నలుపే. కాస్త పక్కకు జరిగి, వెలుతురు దాని మీదనుంచి జారి మన కంట్లో పడేలా చూస్తే, నలుపు మీద ఇంకో రంగు లేస్తుంది. ఒకప్పుడు రాగి, ఒకప్పుడు ఊదా. వానాకాలం బస్టాండులో నీళ్ళ మీద డీజిల్ చుక్క పరుచుకున్నట్టు. కంపెనీ ఇంకులో పొడికి జిగురు పూత ఉంటుందట, అందుకని నునుపుగా పడుకుంటుంది. సీసా ఇంకులన్నిట్లో అది ఒకే తీరుగా ఉండదు. దీన్ని బ్రాంజింగ్ అంటారని చాలా తర్వాత చదివాను. మేము 'రాగి తేలింది' అనేవాళ్ళం. ఇప్పటికీ నాకు అదే సరైన మాట.

నిజం చెప్పాలంటే అది అందంగా ఉంటుంది. మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉన్నప్పుడు ప్రింటును వాకిలి వైపు వంచి పట్టుకునేదాన్ని. పెళ్ళికొడుకు నల్లకోటు మీద పావురం మెడ రంగులు పారేవి. ఫోటో లోపల ఇంకో ఫోటో ఊపిరి పీలుస్తున్నట్టు ఉండేది. అలా చూస్తూ ఎంతసేపు ఉండేదాన్నో తెలియదు, ఎవరో గొంతు సవరించుకుంటే ఉలిక్కిపడేదాన్ని.

ఆ కోటు పెళ్ళికొడుకు తండ్రి తిరుపతినుంచి ఆల్బం పట్టుకుని వచ్చాడు. "మావాడి కోటు నల్లదయ్యా, ఊదాది గాదు." సుబ్రమణ్యం సారు తొణకలేదు. "మీ ఇంట్లో లైటు మార్చి సూడండప్పా, బల్బు మంచిది గాదేమో" అన్నాడు. ఆ తండ్రి నిజంగానే బల్బు మార్చడానికి వెళ్ళిపోయాడు. మేము నవ్వుకున్నాం. పెళ్ళి కోటు దగ్గర అది నవ్వే. చనిపోయిన మనిషి దగ్గర కాదు.

బంగారుపాళ్యం పటం

బంగారుపాళ్యం దగ్గర చెంగల్రాయుడు అనే మామిడితోట రైతు పోయాడు. ఆయన కూతురు లత, ఏదో పెళ్ళిలో తీసిన ఫోటో ఫోనులో తెచ్చింది. మనిషి మంచి నలుపు, గుబురు మీసం, తెల్ల చొక్కా. పెద్ద సైజు వేసి, అప్పుడు అందరూ అడుగుతున్నట్టే అద్దం లేని ఫ్రేము కట్టించి దినాలకు ముందే ఇచ్చాం. "నాయన లేచి వచ్చినట్టుండాడు" అని లత కళ్ళు తుడుచుకుంది.

పోయినవాళ్ళ పటం మన ఇళ్ళల్లో ఎలా తగిలిస్తారో తెలుసు కదా. కంటి ఎత్తున కాదు, ఇంటి దూలం దగ్గర. పైభాగం ముందుకు వాలేటట్టు దారం కడతారు, పెద్దాయన కిందికి వంగి ఇంటిని చూస్తున్నట్టు. అలా కడితే వాకిట్లోంచి వచ్చే వెలుతురు పటాన్ని పక్కనుంచి తాకి కిందికి జారుతుంది. రాగి తేలడానికి అంతకంటే మంచి చోటు ఇంకొకటి లేదు.

కొన్ని వారాలకు లత పటం చంకలో పెట్టుకుని వచ్చింది.

"అక్కా, దీంట్లో తప్పేమన్నా ఉండాదేమో సూడండి. మాయమ్మ దీన్ని సూసి బయపడతా ఉండాది."

"ఏమని?"

"సాయంత్రమైతే నాయన తల అంటుకుంటాదంట. మీసం కాలతాదంట. ముఖం కాచిన రాగిచెంబు మాదిరి అవతాదంట."

వాళ్ళమ్మ కుప్పమ్మ, తుంటి విరిగి మంచాన ఉంది. లేవలేదు. ఇంట్లో మిగతావాళ్ళు పటం ముందు నిలబడి చూస్తే ఏమీ కనిపించడం లేదు. కొడుకు మురళి, అమ్మకు మతి చలించిందని నిర్ణయించేశాడు. వీధిలోవాళ్ళు, చెంగల్రాయుడు ఇంకా ఇల్లు వదల్లేదు, తాయెత్తు కట్టించండి అంటున్నారు.

"నువ్వేమంటావు?" అని అడిగాను.

"నేనేమనేది అక్కా. నేనూ సూస్తి. నాకేమీ అగుపడలా."

సుబ్రమణ్యం సారు పటాన్ని తీసుకుని ఎదురుగా పట్టుకుని, "శానా బాగుండాది గదమ్మా" అన్నాడు. లత అటు తిరగగానే నా చెవిలో, "మనిషి నలుపు, ఇంకు ఎక్కువ పడింది. ముఖం తెల్లగా చేసెయ్, రాగి పోతాది" అన్నాడు.

ఈ ఎత్తు మీరూ నేర్చుకునే ఉంటారు. ముఖం తెల్లబరిస్తే ఇంకు తక్కువ పడుతుంది, రాగి తగ్గుతుంది. గిరాకీ కూడా తెల్లగా ఉన్నామని సంబరపడుతుంది. మన వైపు జనం నల్లగా ఉంటారు. మన పనిలో పట్టుబడని మోసాల్లో ఇది మొదటిది. సారు చెప్పాడు, నేను చేశాను, లత తీసుకుపోయింది.

రెండోరోజే తిరిగొచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "మాయమ్మ సూసి, ఎవురే ఈ తాశిల్దారు, నా ఇంట్లో ఏం పని ఈయనకు, అనింది అక్కా."

నాకు నవ్వొచ్చింది. లత నవ్వలేదు. "మా అన్న దాన్నే పట్టుకున్నాడు. సూడండి, నాయన్ని కూడా ఆనవాలు పట్టలేకుండా ఉండాది అన్నాడు. తిరపతిలో మతి డాక్టరుకు చెప్పి పెట్టినాడు, వచ్చేవారం తీసకపోతాడంట. మాత్రలిస్తే గమ్మున పండుకుంటాది, మనకు ఈ పోరు ఉండదు అంటాడు."

మేము వేసిన రెండు ప్రింట్లు కలిసి ఒక మనిషిని పిచ్చిదాన్ని చేశాయి. అందరూ మంచివాళ్ళే. కొడుకు తల్లి మేలే కోరుతున్నాడు. అయినా ఆమె మాట నమ్మినవాళ్ళు ఆ ఇంట్లో ఒక్కరూ లేరు.

"మొదటి పటం ఈడనే ఉండాది, దాన్ని తీసుకొస్తా. నీతో నేనూ వస్తా" అన్నాను.

మంచం మీదనుంచి

మామిడికాయల లారీల వెనక బస్సు నిదానంగా పోయింది. ఆ కాలంలో బంగారుపాళ్యం దరిదాపుల్లో గాలికే తీపి ఉంటుంది. గుజ్జు ఫ్యాక్టరీల వాసన బట్టలకు పట్టుకుంటుంది. పటాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, చెంగల్రాయుడు తన తోటల మధ్యనుంచి పోతున్నట్టే ఉంది.

పొడవాటి హాలు. పడమటి వాకిలి ఒక చివర, మంచం ఇంకో చివర. మధ్యలో పక్కగోడకు ఎత్తుగా పటం మేకు. ఎర్ర సిమెంటు నేల. మంచం మీద సన్నటి మనిషి, నోరు మాత్రం సన్నది కాదు.

"నువ్వేనా మా ఆయనకు సున్నం కొట్టింది?"

"నేనే."

"ఎందుకు కొడితివి?"

"రాగి పోతాదని."

ఆమె తల తిప్పి నన్ను నిదానంగా చూసింది. "రాగి అంటివా? నీకు అగుపడిందా?"

"ఇంగా లేదు. కొంచెం జరుగు."

పాత పటం పాతచోటనే, అదే వాలుతో కట్టించాను. కుప్పమ్మ పక్కకు జరగలేదు, తుంటి జరగనివ్వదు. మంచం అంచున, ఆమె దిండులో సగం పంచుకుని పడుకున్నాను. లత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఎండ రావడానికి ఇంకా పొద్దుంది. ఇద్దరం పైకి చూస్తూ పడుకున్నాం. ఆమె ఏదో చెబుతోంది, బావి తవ్వినప్పటి మాట, ఆయన కోపం వస్తే తోటలో చెట్లతో మాట్లాడే మాట. నేను ఊ కొడుతూ ఎక్కడో జారిపోయాను. పాత డార్క్‌రూములో ఉన్నట్టు, నీళ్ళు కదులుతున్నట్టు, ట్రేలోంచి ఎవరో లేవబోతున్నట్టు. ఎండ వాకిలి దాటి నేల మీదికి పాకింది. ఎర్ర నేల వెలిగి, ఆ వెలుగు గోడలెక్కింది. గదంతా ఎర్ర బల్బు వేసినట్టయింది.

ముందు జుట్టు అంటుకుంది. కళ్ళముందే, అంచునుంచి లోపలికి. తర్వాత కనుబొమలు, తర్వాత మీసం. నల్లటి ముఖం మీద రాగి పాకుతూ దిగి, చెంపలు కాలిన లోహంలా మెరిశాయి. తెల్ల చొక్కాకు ఇంకు లేదు కాబట్టి అది మాత్రం చల్లగా, ఈ లోకంలోనే ఉండిపోయింది. మెడ పైన ఇంకో లోకం. అది ఏమిటో, ఎందుకో తెలిసిన నేను కూడా కుప్పమ్మ చెయ్యి పట్టుకున్నాను.

"ఇప్పుడు సెప్పు. మతి పోయిందా నాకు?"

"లేదు. మతీ ఉండాది, రాగీ ఉండాది."

కుప్పమ్మ పటం వైపు చూస్తూనే అంది. "కాల్చేచోటికి మమ్మల్ని పోనియ్యరు గదా. ఆడోళ్ళు ఇంటికాడనే ఉండిపోవాల. ఆపొద్దు సూడనియ్యలా. ఇప్పుడు రోజూ సూస్తా ఉండా."

పట్టుకున్న చెయ్యి నేను వదల్లేదు.

మురళి వచ్చాక జరిగింది చెప్పాను. మంచం మీద పడుకుని చూస్తే కనిపిస్తుంది, పడుకో అన్నాను. "సరేలేక్కా, మీరూ మాయమ్మ వయసోళ్ళే గదా" అని నవ్వాడు. అప్పటికే ఎండ పోయింది కూడా. ఆఖరికి, "డాక్టరు నాటికి ఇంగో ఫోటో తెండి. అప్పుడూ ఇదే పాట పాడితే మాత్రం తీసకపోయేది ఖాయం" అన్నాడు.

రాగిని దించిన తీరు

దుకాణంలో గోడకు ఎత్తుగా మేకు కొట్టి, వాకిలికి పక్కగా ప్రింటును వాల్చి కట్టి, నేను నేల మీద కూర్చున్నాను. ప్రతి ప్రింటునూ అలాగే చూశాను. మీరు వేరే ఏదీ గుర్తుపెట్టుకోకపోయినా ఇది పెట్టుకోండి.

అన్నిటికంటే సులువైన దారి మ్యాట్ కాగితం. మెరుపు ఉండదు, రాగీ ఉండదు. వేసి చూశాను. నలుపు నలుపుగా లేదు, బూడిద. నిప్పు చూసి భయపడుతున్న మనిషికి బూడిద తీసుకెళ్ళి ఇవ్వలేను. లామినేషన్ చేస్తే కూడా రాగి అణుగుతుంది, అబద్ధం చెప్పను. కానీ ఆ ప్లాస్టిక్ మెరుపులో కింద పడుకున్నవాళ్ళకు వాకిలే కనపడుతుంది, మనిషి కనపడడు. ఈ రెంటికీ నడుమ లస్టర్ అని ఒక కాగితం ఉంది, ఒంటి మీద రోమాలు లేచినట్టు సన్నటి గరుకు. వెలుతురు దాని మీద ఒకవైపే జారకుండా చెదిరిపోతుంది. కాగితం మార్చడంతోనే సగం రాగి పోయింది.

మిగతా సగం ఇంకుది. ప్రింటరులో కాగితం రకం ఎంచుకునే చోట మేము ఎప్పుడూ అన్నిటికంటే గొప్పదాన్నే నొక్కేవాళ్ళం. గొప్పది అంటే ఎక్కువ ఇంకు పోసేది అని అర్థం. నలుపు ఒక హద్దు దాటాక ఇంకా నల్లబడదు, మందం మాత్రమే పెరుగుతుంది. ఆ మందమే రాగి. చిన్న ముక్కల మీద ఒక్కో సెట్టింగు వేసి, నేల మీదనుంచి చూసి, నలుపు తగ్గకుండా రాగి తగ్గే చోటు పట్టుకున్నాను. నలుపు కోసం యంత్రం రంగులన్నీ కలిపి పోస్తుంటే దాన్ని మాన్పించి, వీలైనంత వరకు నల్ల ఇంకుతోనే వేయించాను. ముఖం రంగు మాత్రం పిసరంత కూడా మార్చలేదు.

ఇంకో తప్పు మా సీసాల్లో ఉంది. ఒక రకం ఇంకు సగంలో అయిపోతే దాని మీదనే ఇంకో రకం పోసేవాళ్ళం. నలుపు నలుపే కదా అని. కాదు. ఒక్కో పొడిది ఒక్కో గుణం. డబ్బీ కడిగి, ఒకే సీసా నింపి, అడుగున దిగిన పొడి లేచేలా నిదానంగా తిప్పి వాడాను. చొక్కా తెలుపును కూడా ఒట్టి కాగితంగా వదిలిపెట్టలేదు, ఉందా లేదా అన్నంత రంగు ఇచ్చాను. అలా చేస్తే ముఖం ఒక లోకం, చొక్కా ఒక లోకం కాకుండా ఉంటుంది.

ఇంత చేసినా పక్కనుంచి చూస్తే మీసం మీద పలచటి రాగి పొర మిగిలింది. పైన పారదర్శకంగా ఉండే స్ప్రే కొట్టాలి. ఆరీ ఆరని ప్రింటు మీద, వాన ముసురులో, దండిగా కొట్టాను. పాలు ఒలికినట్టు తెల్లబడింది. మాకు ఫ్రేములు కట్టే ఖాదర్ భాయ్ అప్పుడే వచ్చాడు. కొయ్యకు వార్నిష్ వేసీ వేసీ ఆయన గోళ్ళు కూడా మెరుస్తుంటాయి.

"అరే మునెమ్మా, దోసెపిండి పోస్తా ఉండావా ఏంది? అత్తరు చల్లినట్టు చల్లాల."

"చల్లితిని గదా భాయ్."

"నువ్వు చల్లింది పెళ్ళిపందిట్లో పన్నీరు. మా నాయన నాకు ఏం నేర్పించినాడో తెలుసా? మొదటి పూత ఏసినట్టు నీకే తెలియకూడదు. ఆరనీ. రెండోది ఏసినట్టు పక్కోడికి తెలియకూడదు."

కొత్త ప్రింటు వేశాను. పైన ఒట్టి కాగితం కప్పి ఒక పగలూ రాత్రీ కదపకుండా ఆరనిచ్చాను. ఎండ కాసిన పొద్దున, గాలి ఆడేచోట, ముక్కుకు గుడ్డ కట్టుకుని ఖాదర్ భాయ్ ఒక పూత, నేను ఒక పూత, మళ్ళీ ఆయన. తర్వాత మేకుకు తగిలించి నేల మీద కూర్చున్నాను. సుబ్రమణ్యం సారు పాడైన కాగితాలు చూసి గొణుగుతూ వచ్చి, ఏమనుకున్నాడో, మోకాళ్ళు పట్టుకుని నా పక్కన కూలబడ్డాడు. పాత ప్రింటు ఒకసారి, కొత్తది ఒకసారి చూశాడు.

"ఇన్నేళ్ళూ నిలబడే సూస్తిమే" అన్నాడు. ఆ తర్వాత ఆయన దుకాణంలో ప్రింటును గిరాకీ చేతికే ఇచ్చేవాడు.

ఒకరి తర్వాత ఒకరు

డాక్టరు దగ్గరికి పోవలసిన రోజుకు ముందురోజు ఖాదర్ భాయ్, నేను కొత్త పటం తీసుకుని బంగారుపాళ్యం పోయాం. ఆయన స్టూలు ఎక్కి పాతది దించబోయాడు.

"దించొద్దు భాయ్. దిగు" అంది కుప్పమ్మ.

"కొత్తది బాగుండాది పెద్దమ్మా, ఒక్కసారి సూడు."

"సూస్తాలే. ముందు వీళ్ళు సూడాల." కొడుకు వైపు చెయ్యి చూపింది. "రేయ్ మురళీ, రా. ఈడ పండుకో."

"ఏందిమా ఈ నాటకం, అందరి ముందర."

"నాటకమే. టిక్కెట్టు లేదులే, రా."

మురళి కదల్లేదు. లత ముందుకు వచ్చి, తల్లి పక్కన అంచున ఒదిగి పడుకుంది. పిల్లలా మోకాళ్ళు ముడుచుకుంది. ఎండ అప్పుడే నేల మీదికి వచ్చింది. కొంతసేపటికి లత వెల్లకిలా పడుకునే ఏడుస్తూ, "అమ్మా, నేను నిలబడి సూస్తినమ్మా" అంది. "తెలుసులే, లెయ్యి. వాణ్ణి రానీ" అంది కుప్పమ్మ.

మురళి పొడగరి. పడుకుంటే కాళ్ళు మంచం దాటి బయటికి వచ్చాయి. ఖాదర్ భాయ్ నవ్వు ఆపుకోవడానికి స్టూలు తుడవసాగాడు. మురళి కూడా మొదట నవ్వుతూనే పైకి చూశాడు. గది ఎర్రబడింది. ఆ కుర్రాడి నవ్వు ముఖం మీదనే కాసేపు మరిచిపోయినట్టు ఉండి, తర్వాత పోయింది. కొరివి పెట్టింది అతనే. ఆ ఇంట్లో ఆ మంటను కళ్ళారా చూసినవాడు అతనొక్కడే.

"అమ్మా." తల తల్లి వైపు తిప్పాడు. "రోజూ ఇదేనా నువ్వు సూసింది?"

"రోజూ."

అతను లేచి, ఎవరినీ చూడకుండా, తానే స్టూలెక్కి పటం విప్పాడు. నాయన ముఖాన్ని చొక్కాకు ఆనించుకుని దిగి వెనక గదిలోకి తీసుకుపోయాడు. మళ్ళీ వచ్చేసరికి ముఖం కడుక్కుని ఉన్నాడు. "రేపు తిరపతికి పొయ్యేది లేదులే" అని లతతో అన్నాడు గానీ తల్లికి వినపడేటట్టే అన్నాడు.

ఖాదర్ భాయ్ కొత్తది కట్టాడు, అదే ఎత్తున, అదే వాలుతో. ఎండ ఇంకా ఉంది. అందరం మంచం చుట్టూ నేల మీద కూర్చుండిపోయాం, ఎందుకో ఎవరికీ నిలబడబుద్ధి కాలేదు. వెలుతురు పటం మీదికి ఎక్కింది. జుట్టు నల్లగానే ఉంది. కనుబొమలు నల్లగానే ఉన్నాయి. చెంగల్రాయుడు ఆ ఎర్ర వెలుగులో, తోటలోంచి అప్పుడే వచ్చి చెమట ఆరబెట్టుకుంటున్నట్టు, కొంచెం కిందికి వంగి చూస్తున్నాడు.

కుప్పమ్మ కన్నార్పకుండా చూసింది. నేను ఎన్నో ప్రింట్లు ఇచ్చాను, ఎవరి ముఖం వైపూ అంత భయంగా చూడలేదు.

"ఏమ్మా?" అంది లత.

"మీసం సూడే, ఎంత నల్లగుండాదో." ఆమె పెదవుల చివర ఏదో కదిలింది. "వారం వారం దొడ్లో దాక్కొని గిన్నెలో రంగు కలుపుకొనేవాడు. ఆరేదాకా తువ్వాలు కప్పుకొని, పన్నునొప్పి అని సెప్పేవాడు. నాకు తెలవదనుకున్నాడు దొంగోడు, సచ్చేదాకా."

మురళి తల్లి వైపు తిరిగాడు. "నాయన మీసానికి రంగేసినాడా?"

"తలక్కూడా."

ముందు లత నవ్వింది, తర్వాత మురళి. కుప్పమ్మ తుంటి పట్టుకుని, అమ్మా అబ్బా అని మూలుగుతూనే నవ్వింది. ఎండ వాకిట్లోంచి వెనక్కి పోయింది. పటం, గోడ, మా ముఖాలు ఒకే నలుపయ్యాయి. ఎవరూ లేచి లైటు వెయ్యలేదు.